గౌరయ్య ఎగిరిపోయిన ఆదివారం

ఆ ఆదివారం త్రినాథరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. రిసాలి బజారుకెళ్ళి చేపలు తేవాలి, భార్య సూర్యావతి పులుసు పెడితే తినాలి, కూలరు ముందు సాయంత్రం దాకా పడుకోవాలి. ఉద్యోగమంతా ఈ హిందీవాళ్ళ ఊళ్ళో, స్టీలు ప్లాంటులో క్రేను మీదే గడిపి, రిటైర్మెంటు దగ్గరపడిన మనిషికి అంతకు మించిన కోరికలేముంటాయి! అతనికి ఉన్నవల్లా భయాలే. గ్యాసు సిలిండరంటే భయం, తెలియని నంబరు నుంచి ఫోనొస్తే భయం. క్రేనుతో టన్నుల కొద్దీ ఇనుము ఎత్తి దించే త్రినాథరావు, ఆస్పత్రిలో లిఫ్టెక్కేముందు మాత్రం కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేవాడు.

ఈమధ్య ఆ ఇంట్లోకి కొత్త భయం ఒకటి వచ్చింది. అది డ్రోను. కూతురు ఇంద్రజ పెళ్ళిళ్ళకు ఫొటోలు, వీడియోలు తీస్తుంది. ఆకాశం నుంచి తీసే వీడియో లేకపోతే ఈరోజుల్లో పెళ్ళే కాదంటున్నారని, తన సంపాదనతో ఒక డ్రోను కొనుక్కుంది. విదేశీవి దిగుమతి చేసుకోవడానికి వీల్లేదు గనక, మన దేశంలోనే ఓ చిన్న కంపెనీ తయారుచేసే దాన్ని ఎంచుకుంది. దాని పేరు ‘గౌరయ్యా’. అంటే హిందీలో పిచ్చుక. పెట్టె మీద పిచ్చుక బొమ్మ కూడా ఉంది. కానీ సూర్యావతి నోట్లో పడి ఆ పేరు అచ్చ తెలుగు పేరైపోయింది. “గౌరయ్యకి చార్జింగు పెట్టీసినావా?” అని ఆవిడ అడుగుతుంటే, ఊరి నుంచి వచ్చిన మేనమామ భోజనం సంగతి కనుక్కుంటున్నట్టే ఉండేది.

ఆరోజు పొద్దున్న ఇంద్రజ మెమరీ కార్డు కోసం దుర్గ్ వెళ్తూ, చేపల సంచితో అప్పుడే తిరిగొచ్చిన తండ్రికి స్కూటీ మీంచే చెప్పింది.

“నాన్నా, దాన్ని ముట్టుకోవద్దు. ప్లాంట్ ఏరియాలో ఉడానా మనా హై, ఎగరెయ్యకూడదు. ఈ సాయంత్రం పాటన్‌లో షూట్ ఉంది, నా ఫస్ట్ ఆర్డర్. అక్కడే ఎగరేస్తాను. సమఝే నా?”

“నానెందుకు ముట్టుకుంతానమ్మా!” అన్నాడు త్రినాథరావు. ఆ మాట అన్నప్పుడు అతను నిజమే చెప్పాడు.

ఆమె అటు వెళ్ళగానే పక్క వరస క్వార్టర్ల నుంచి సొలొమోను వచ్చాడు. ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాక సొలొమోను లోకాన్నంతా ఫోనులోనే చదువుతున్నాడు. వరండాలో టేబుల్ మీదున్న పెట్టెను చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు.

“ఏటిది, ఏ కంపెనీ? పేరెప్పుడూ ఇనలేదే! ఇలాటి కంపెనీలు రేపుంటాయో లేదో ఎవుడికి తెలుసు త్రినాథన్నా? ఆడు షట్టరు దించీసిన నాడు ఇది ఉత్త డబ్బా అయిపోతాది. ఇంకా పెద్ద సంగతొకటుంది, చెప్పమంటావా?”

“వద్దు” అన్నాడు త్రినాథరావు.

సొలొమోను చెప్పాడు. “ఇది తీసిన ఫొటో ముందు కంపెనీకి ఎల్తాదట. కంపెనీ ఎనకాల ఎవుడున్నాడో నీకు తెలుసా? పైన మన దేశం స్టిక్కరు అంటించీసినంత మాత్రాన లోపల సరుకు మనదైపోతాదా? పక్కనే ప్లాంటు! నీకా ఇంకా సర్వీసుంది. తర్వాత నీ ఇష్టం.”

త్రినాథరావు గుండెలో కొలిమి రాజుకుంది. కూతురు కష్టార్జితం ఎవడో ఊరూ పేరూ లేనివాడి చేతిలో పోసిందా? అంతకన్నా పెద్ద ఘోరమేదైనా ఇంట్లో పెట్టుకుందా? లోపలెక్కడైనా ఏ దేశంలో చేశారో రాసి ఉంటుందేమో చూద్దామని పెట్టె తెరిచి, దాన్ని టేబుల్ మీద పెట్టాడు. రాతలన్నీ చీమల్లా ఉన్నాయి. “ఆన్ చేస్తే స్క్రీను మీద పెద్దచ్చరాలు వస్తాయి” అన్నాడు సొలొమోను. రిమోటుకు తగిలించి ఇంద్రజ పాత ఫోను ఉంది. త్రినాథరావు ఒక మీట నొక్కాడు. ఫోను ఏదో అడిగింది. సరేనని నొక్కాడు. మళ్ళీ అడిగింది. పెద్దమనిషి కదా, మళ్ళీ సరేనన్నాడు.

గౌరయ్య ఝుమ్మని లేచింది. వరండా రేకు కింద ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు నిలబడి, పెరట్లోకి దూసుకుపోయి, తీగ మీది సూర్యావతి జాకెట్టును నేలకు దించి, జామచెట్టు దాటి పైకెళ్ళిపోయింది. త్రినాథరావు రిమోటు మీద చేతికందిన పుల్లనల్లా అటూ ఇటూ తిప్పాడు. శబ్దం దూరమైంది. ఆగిపోయింది. ఫోను మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: సంబంధం తెగిపోయింది.

“ఎటెల్లింది?” అన్నాడు త్రినాథరావు.

ప్లాంటు చిమ్నీలున్న వైపు చూపించి సొలొమోను చెప్పులు వేసుకున్నాడు. “అన్నా, నానసలు ఈయేళ నీ ఇంటికి రాలేదు. ఇంకోమాట. ఫోనులో డ్రోను అన్న మాట అనకు. ఇనీసేవాళ్ళుంటారు.” ఆ తర్వాత అతను నడిచిన నడక, మోకాళ్ళ నొప్పులున్న మనిషి నడకలా లేదు.

త్రినాథరావు తన ఫోను తీశాడు. కన్న కూతురికి ఫోన్ చేసే ధైర్యం లేక, పెట్టె మీదున్న కంపెనీ నంబరుకు చేశాడు. పెరట్లో నిలబడి, ఆ ఒక్క మాటా రాకుండా జాగ్రత్త పడుతూ, తనకొచ్చిన హిందీలో మొరపెట్టుకున్నాడు. “మేడమ్, హమారా గౌరయ్యా ఘర్ సే చలా గయా. వాపస్ నహీ ఆయా.” అవతల అమ్మాయి అతని పేరడిగి, పేరునుబట్టి తెలుగులో మాట్లాడే ఇంకో అమ్మాయికి కలిపింది.

“కంగారు పడకండి సార్. మమ్మల్ని నమ్మండి. మీ గౌరయ్యా ఎక్కడెక్కడికి వెళ్ళిందో, ఏమేం చూసిందో మొత్తం మా దగ్గర భద్రంగా ఉంటుంది.”

త్రినాథరావు ప్లాంటు చిమ్నీల వైపు చూశాడు. “మొత్తమా?”

“మొత్తం సార్! మీ పేరు, మీ ఇంటి లొకేషన్‌తో సహా. ఇప్పుడే సంబంధిత విభాగానికి పంపించేశాం. వాళ్ళే మిమ్మల్ని కాంటాక్ట్ చేస్తారు.”

ఆ విభాగం పేరు సర్వీసు విభాగమని ఆ అమ్మాయి చెప్పేలోగా ఫోను పెట్టేశాడు. సంబంధిత విభాగమంటే అతనికి తెలిసింది ఒక్కటే. అది జీపులో వస్తుంది. పెట్టెను బియ్యం డ్రమ్ములో కుక్కాడు. ఇంద్రజ పాత ఫోనులో పిచ్చుక బొమ్మ కనిపించినదల్లా తుడిచేశాడు. రిమోటును ఎక్కడ పెట్టాలో తెలియక ఫ్రిజ్‌లో వంకాయల కింద దాచాడు.

“ఏటయ్యింది?” అంది అటొచ్చిన సూర్యావతి.

“గౌరయ్య పోయాడే!” అన్నాడు త్రినాథరావు, కూలబడి.

గోడ అవతల బట్టలు ఆరేస్తున్న పక్కింటి పద్మశ్రీ చేతిలో దుప్పటి జారిపోయింది. ఇంతకుముందు ఫోనులో మాటలు కూడా ఆమె చెవిన పడ్డాయి. ఎవరో గౌరయ్య ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు, తిరిగిరాలేదు, ఇప్పుడు పోయాడు! పరుగున వచ్చి గుమ్మంలో నిలబడింది.

“అన్నయ్యా, ఎప్పుడు జరిగింది? ఎంత వయసాయనకి?”

సంగతి బయటికి పొక్కిపోయిందని త్రినాథరావు ప్రాణం సగం పోయింది. తెలిసిన మనిషి దగ్గర అబద్ధమాడటం దండగనుకున్నాడు. “వచ్చి నెల కూడా అవలేదమ్మా.”

“అయ్యో, చంటోడా!”

“పిడికెడంత ఉండేవాడు. నా చేతుల్లోంచే జారిపోయాడు. ఎవురికీ చెప్పకమ్మా, నా ఉద్యోగం పోతాది.”

పద్మశ్రీ ఎవరికీ చెప్పలేదు. తెలుగువాళ్ళ గ్రూపులో మాత్రం పెట్టింది. చేప ముక్కలు కడిగేంతసేపట్లో వీధి నిండింది. గౌరయ్య అనే పసివాడు తప్పిపోయాడని కొందరు, కాదు మేడ మీంచి పడ్డాడని కొందరు. యువకులు మోటారు సైకిళ్ళ మీద మరోదా చెరువు వైపు వెతకడానికి బయలుదేరారు. ఆడవాళ్ళు సూర్యావతి చుట్టూ చేరి ఏడవడం మొదలుపెట్టారు. ఎందుకేడుస్తున్నారో తెలియకపోయినా, అంతమంది ఏడుస్తుంటే ఆవిడకూ ఆగలేదు.

కిటికీ సందులోంచి ఆ గుంపును చూసిన త్రినాథరావుకు అర్థమైపోయింది. వీళ్ళంతా సాక్షులు. ఇక దాక్కుని లాభం లేదు. చేతులకు బేడీలు పడ్డాక కూతురి పేరు బయటికొస్తే, దాని మొదటి ఆర్డరుతో పాటు దాని జీవితమూ పోతుంది. తానే వెళ్ళి నేరం ఒప్పుకుంటే పిల్ల మీదికి రాదు. ఉతికిన యూనిఫారం తొడుక్కుని, గేటు పాసు జేబులో పెట్టుకుని, పెరటి దారిన సైకిలు తీశాడు. బతుకులో అతను భయానికి ఎదురు వెళ్ళడం అదే మొదలు. కాళ్ళు తొక్కుతున్నాయి గానీ పెడల్ ఎక్కడుందో అతనికి తెలియడం లేదు.

ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో ఒక మీసాల ఆఫీసరు మజ్జిగ తాగుతున్నాడు. త్రినాథరావు రెండు చేతులూ ముందుకు చాపి నిలబడ్డాడు.

“సాబ్, ముఝే పకడ్ లో. మేరీ గౌరయ్యా ప్లాంట్ మే ఘుస్ గయీ.”

ఆఫీసరు గ్లాసు దించాడు. “గౌరయ్యా? చిడియా?”

“హా సాబ్. ఫొటో ఖీంచ్‌తీ హై.”

పిచ్చుక ప్లాంటులోకి ఎగిరిందని, అది ఫొటోలు తీస్తుందని, తనను అరెస్టు చెయ్యమని ఎర్రటి ఎండలో వచ్చి ఒక ముసలి ఉద్యోగి ప్రాధేయపడుతున్నాడు. ఆఫీసరు లేచొచ్చి అతన్ని ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. “ఆరామ్ సే అంకుల్‌జీ. మజ్జిగ తాగండి. పిచ్చుక వస్తే రానీండి, అందులో తప్పేముంది? లూ తగిలినట్టుంది” అన్నాడు హిందీలో, వడదెబ్బ తగిలినవాడితో మాట్లాడేంత మృదువుగా.

అక్కడితో లేచి వచ్చేయవచ్చు. ఆ ఆలోచన త్రినాథరావుకూ వచ్చింది. తలుపు తెరిచే ఉంది. కానీ ఆ యంత్రం ఏ కన్వేయరు బెల్టు మీదో, ఏ మనిషి నెత్తి మీదో పడితే? లోపల పనిచేసేది తనవాళ్ళే. మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, పొద్దుటి నుంచీ నాలుక కింద దాచుకున్న మాట బయటపెట్టేశాడు.

“సాబ్, వో చిడియా నహీ. డ్రోన్ హై.”

ఆఫీసరు ముఖంలో మృదుత్వం ఎగిరిపోయింది. తలుపు మూశాడు. గేటు పాసు అడిగి తీసుకున్నాడు. వాకీటాకీలో ఏదో చెప్పాడు. బయట బూట్ల చప్పుడు మొదలైంది. త్రినాథరావు యూనిఫారం పై గుండీ పెట్టుకున్నాడు. భార్యకు మందులెవరు తెస్తారో, రిటైరైనప్పుడు శాలువా కప్పేవాళ్ళు జైలుకొచ్చి కప్పుతారో లేదో అనుకుంటూ కూర్చున్నాడు.

అప్పుడు స్కూటీ చప్పుడైంది. తండ్రి యూనిఫారంలో గేటు వైపు వెళ్ళాడని దారిలో మోటారు సైకిళ్ళ కుర్రాళ్ళు చెబితే వచ్చిన ఇంద్రజ లోపలికి అడుగుపెట్టింది. ఆమె వెనక సొలొమోను, చేతిలో ప్లాస్టిక్ బకెట్టు. బకెట్టు మూతికి దుప్పటి, దుప్పటి చుట్టూ తాడు, తాడుకు మూడు ముళ్ళు. లోపల నుంచి గౌరయ్య దీనంగా కూత పెడుతోంది.

“మా మేడ మీద పడ్డాది” అన్నాడు సొలొమోను, ఎవరి మొహమూ చూడకుండా. “నన్ను చూడ్డానికే వచ్చిందనుకున్నాను. బకెట్టు బోర్లించీసి పైన రోలు పెట్టీసినాను. ఈ అమ్మాయి వచ్చి తలుపు కొట్టినదాకా మంచం కింద ఉన్నాం, నానూ మా ఆవిడా.”

ఇంద్రజ తన ఫోను ఆఫీసరు ముందు పెట్టింది. డ్రోను దిగిన చోటుతో సహా కంపెనీ నుంచి ఆమెకు వచ్చిన సమాచారమంతా అందులో ఉంది. వరండా రేకు కింద దానికి తానెక్కడుందో తెలియలేదు. ఆరుబయటికి రాగానే నిషేధించిన చోటని తెలుసుకుని, దగ్గర్లో చదునుగా కనిపించిన చోట తనంతట తానే దిగిపోయింది. అది ప్లాంటు వైపు వెళ్ళనే లేదు. పక్క వరస కూడా దాటలేదు. తీసిన ఫొటో ఒక్కటీ లేదు. ఎక్కడికెళ్ళిందో మొత్తం భద్రంగా ఉంది. త్రినాథరావును అంతగా వణికించిన ఆ ‘మొత్తమే’ ఇప్పుడు అతని తరఫున సాక్ష్యం చెప్పింది.

ఆఫీసరు రెండుసార్లు చదివాడు. ముగ్గుర్నీ నిలబెట్టి చాలాసేపు చీవాట్లు పెట్టాడు. చివరికి గేటు పాసు తిరిగిస్తూ, “అంకుల్‌జీ, మీకన్నా మీ పిచ్చుకకే రూల్సు బాగా తెలుసు” అన్నాడు.

బయటికొచ్చాక ఇంద్రజ బకెట్టును స్కూటీ మీద పెట్టింది. స్కూటీ తాళం తిప్పబోయి ఆగింది. “కంపెనీని నమ్మలేదు, ఠీక్ హై నాన్నా. నేను ముట్టుకోవద్దన్నాను కదా. నన్నూ నమ్మలేదు.”

“నీకేటైనా అవుతాదని భయమేసిందమ్మా. అందుకే వచ్చీసినాను.”

“జైలుకా?”

“ఊఁ.”

ఆమె తల తిప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి తెలియలేదు. “శామ్‌కి పాటన్ వస్తావా? బ్యాగు పట్టుకోవడానికి మనిషి కావాలి” అంది చివరికి. “బ్యాగు మాత్రమే.”

ఇంటికొచ్చేసరికి వీధంతా వాళ్ళ కోసమే నిలబడి ఉంది. బకెట్టు చూడగానే ఏడుపు మిన్నంటింది. సొలొమోను తాడు విప్పి, గౌరయ్యను రెండు చేతులతో పైకెత్తి చూపించాడు. అది చూసి పద్మశ్రీ ఫోను తీసి, గ్రూపులో పెట్టినదంతా ఒక్కొక్కటిగా తుడిచేసింది.

చేపల పులుసు చల్లారిపోయింది. త్రినాథరావు మొదటి ముద్ద నోట పెట్టుకోబోతుండగా ఫోను మోగింది. కంపెనీ నుంచి, రికార్డు చేసిన గొంతు. మా సంస్థ మీద మీకెంత నమ్మకమో తెలియజేయడానికి ఒకటి నుంచి ఐదు వరకు ఏదో ఒక అంకె నొక్కమంటోంది.

త్రినాథరావు ఈసారి ఏదీ నొక్కలేదు.