చింతగింజంత చెవి

"సత్యానికి చెవులుండాలి. ఆ చెవులు ఎవరికీ కనపడకూడదు."

మదనపల్లెలో ఒక చిన్న చర్చికి సెక్రటరీ అయిన పరంజ్యోతి ఈ మహావాక్యాన్ని కుప్పంలో, ఒక సెల్‌ఫోన్ల అంగడి ముందు పలికాడు. ఆయన అరచేతిలో చింతగింజంత రికార్డరు ఉంది.

"ఈడ సీమ తుమ్మితే కర్ణాటకలో వినపడతాదప్పా," అని అంగడివాడు పూచీ ఇచ్చాడు.

పరంజ్యోతికి చీమలతో పని లేదు. ఆదివారం సెక్రటరీ ఎన్నిక. పోటీలో శాలేము రాజు నిలబడ్డాడు. ఆయన భార్య బీనా స్త్రీల సమాజంలో తన మీద చాడీలు చెబుతోందని పరంజ్యోతికి గట్టి నమ్మకం. చాడీ రుజువైతే ఆ ఇంటివాళ్లు పోటీకి పనికిరారు. ఆ నిబంధన రాసింది పరంజ్యోతే.

స్త్రీల కూడికకు బయల్దేరిన భార్య విమల బైబిలు సంచిలో ఆ చింతగింజను దాచాడు. "ప్రార్థన బాగా సెయ్యి," అని వాకిలి దాకా వచ్చి సాగనంపాడు. పెళ్లయ్యాక అదే మొదటిసారి.

"ఒళ్లు బాగుండాదా నీకు?" అంది విమల.

ఆమె తిరిగొచ్చి వంటింట్లోకి పోగానే ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు. "పరంజ్యోతన్న గురించి ఒక మాట సెప్పాల," అంటోంది బీనా. ఇంకేం కావాలి? ఆపేశాడు. మిగతాది తానొక్కడే వినడం అన్యాయం. కమిటీ అంతా కలిసి వినాలి. న్యాయమంటే ఆయనకు అంత పిచ్చి.

ఆదివారం ఆరాధన కాగానే కమిటీ గదిలో, పాస్టరు అయ్యగారి ముందర, రికార్డరును స్పీకరుకు తగిలించాడు.

"దొంగతనంగా వినేది తప్పు కాదాప్పా?" అన్నాడు శాలేము రాజు.

"దేవుడు మనకు సెప్పి వింటాండాడా?" అన్నాడు పరంజ్యోతి.

అంటూనే మీట నొక్కాడు.

బీనా గొంతు వినిపించింది. "పరంజ్యోతన్న గురించి ఒక మాట సెప్పాల. ఆయప్పను గురించి ఈడ ఎవురూ మాట్లాడొద్దండి. వెనకాల మాట్లాడేది పాపం. ప్రార్థన సేద్దాం."

"నేను సేస్తా అక్కా." అది విమల గొంతు.

ప్రార్థన అనే మాట చెవిన పడితే చాలు, కమిటీ తలలు వంగిపోయాయి, కళ్లు మూతపడ్డాయి. పుట్టినప్పటి నుంచీ అలవాటు. పరంజ్యోతి కళ్లూ మూతపడ్డాయి.

"పరలోకమందున్న తండ్రీ, నా పెనిమిటిని నీ చేతికి అప్పగిస్తాండాను. మందిరం ఫ్యాను మా పడకింట్లో తిరగతాండాది. నీకు తెలుసు."

"స్తోత్రం," అంది కమిటీ.

"ఉపవాసమని సెప్పి పుంగనూరు పోయి బిరియానీ తినొచ్చే ఆ నోటిని శుద్ధి సెయ్యి."

"స్తోత్రం."

పరంజ్యోతికి లేచి ఆపేయాలనిపించింది. కానీ ప్రార్థన మధ్యలో కదిలితే భక్తిపరుడనే పేరేం కావాలి? కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

"ఈ తూరి ఆయన్ను ఓడించు ప్రభువా. గెలిస్తే ఇంకేమి తెస్తాడో, మా ఇంట్లో సోటు లేదు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ."

"ఆమెన్," అన్నారందరూ. అందరికంటే గట్టిగా అన్నది పరంజ్యోతి.

అయ్యగారు కళ్లు తెరిచారు. "అయితే అందరూ ఒప్పుకున్నట్టే."

"అయ్యగారూ, అది అలవాటుగా నోట్లోంచి వచ్చింది. మనసులోంచి కాదు."

తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

"అంటే, ఇన్నేండ్లు నువ్వన్న ఆమెన్లన్నీ..." అని శాలేము రాజు మెల్లగా మొదలుపెట్టాడు.

"బాగా ఆలోచించి సెప్పు పరంజ్యోతప్పా," అన్నారు అయ్యగారు. "మనసులోంచి వచ్చిందా, రాలేదా?"

పరంజ్యోతి అందరి ముఖాలూ చూశాడు. చెమట తుడుచుకున్నాడు.

"మనసులోంచే అయ్యగారూ," అన్నాడు. "ఫ్యాను దించేదానికి ఎవురింట్లో అన్నా నిచ్చెన ఉండాదా?"