శని దగ్గర హాజరు

ఒక పెద్ద అడవిలో గ్రహాల శాఖ అని ఓ ఆఫీసు ఉండేది. పేరుకి గ్రహాల శాఖే కానీ, అక్కడ అందరూ చూసేది గోడగడియారం.

నిజంగా పనిచేసేది ముళ్లపంది సూదమ్మ ఒక్కతే. పదేళ్లు కష్టపడి ఒక యంత్రం చేసి శని గ్రహానికి పంపింది. శని చుట్టూ తిరిగే ఒక చిన్న చందమామ మీంచి నీళ్లు చిమ్ముతున్నాయని ఆ యంత్రం ఫోటో పంపింది. ఆ పూట సూదమ్మకు ఆనందంతో అన్నం సయించలేదు. ఆ నీళ్లలోంచి దూసుకెళ్లి పరీక్ష చేయమని యంత్రానికి ఒక్క ఆదేశం పంపితే చాలు, అక్కడ బతికేవి ఏమైనా ఉన్నాయేమో తెలుస్తుంది.

ఇది కార్యదర్శి నక్కకు నచ్చలేదు. శనికి వెళ్లిన మొదటి జంతువుగా పేరు తెచ్చుకోవాలని దాని కోరిక. యంత్రమే అన్నీ చూసేస్తే ఇక తనకేం మిగులుతుంది?

నక్క శాఖాధిపతి సింహం దగ్గరికి వెళ్లింది.

"అయ్యగారూ, ఆఫీసులో క్రమశిక్షణ పోయిందండి. పదింటికి హాజరు పిలిస్తే పావుగంటలో పలకాలని రూలు పెడదాం. మూడు రోజులు పలక్కపోతే ఉద్యోగం తీసేద్దాం. తీసేసినవాళ్లతో ఆఫీసు ఇక మాట్లాడకూడదు."

"యంత్రానికి కూడానా?"

"రూలంటే అందరికీ ఒకటేనండి."

సింహం సంతకం పెట్టేసింది. చదువుతూ కూర్చుంటే సంతకాలు ఆలస్యమవుతాయని అది ఏ కాగితమూ చదవదు.

మర్నాడు గుమస్తా ఎలుగుబంటి మైకులో యంత్రాన్ని పిలిచింది. పిలుపు శనికి చేరడానికి దాదాపు గంటన్నర, జవాబు రావడానికి ఇంకో గంటన్నర. ఒంటిగంటకు "హాజరు" అని యంత్రం పలికేసరికి ఎలుగుబంటి పుస్తకం మూసి భోజనానికి వెళ్లిపోయింది. మూడో రోజున యంత్రం ఉద్యోగం పోయింది.

"పోనీ, ఆ ఒక్క ఆదేశమైనా పంపనివ్వండి బాబూ" అని సూదమ్మ నక్కను బతిమాలింది.

"పిలిస్తే పలకనిదానికి నీళ్ల సంగతేం తెలుస్తుంది లెండి" అంది నక్క.

సూదమ్మ తన గదిలో కూర్చుని ఏడ్చింది.

ఇక శనికి తానే బయల్దేరుతున్నానని చెప్పిన నక్కకు నాలుగు సన్మానాలు జరిగాయి. శాలువాలతోనే రాకెట్టెక్కింది. వెనక్కి ఎక్కడ తిరగాలో, ఎంతసేపు మీట నొక్కాలో లెక్కకట్టి సూదమ్మ ఆఫీసు నుంచి చెప్పాలి.

మొదట్లో నక్క ఠంచనుగా పలికేది. అంగారకుణ్ణి దాటి కొంత దూరం పోయాక జవాబు పదింబావు తర్వాత రావడం మొదలైంది. మూడో రోజున ఎలుగుబంటి నక్క పేరు కొట్టేసింది. దానికి నక్క మీద కోపమేమీ లేదు. పదింబావు అయింది, అంతే.

మర్నాడు నక్క గొంతు వినిపించింది. "సూదమ్మగారూ, హాజరులో నా పేరు పిలవలేదేమండీ? ఎక్కడ తిరగాలో నాకెవరు చెబుతారు? తిండి రానూపోనూ సరిపోయేంతే ఉంది."

ఎలుగుబంటి మైకు కట్టేసింది.

సూదమ్మకు నక్క మీద మంట ఇంకా చల్లారలేదు. అయినా సింహం దగ్గరికి పరిగెత్తింది.

"చచ్చిపోతాడయ్యగారూ. ఒక్క ఆదేశం పంపనివ్వండి."

సింహం నిజంగానే బాధపడింది. "నాకు మాత్రం జాలి లేదటమ్మా? కానీ ఆ రూలు పెట్టించింది కార్యదర్శిగారే. మార్చాలన్నా ఆయనే అడగాలి. ఒకసారి స్వయంగా ఆఫీసుకొచ్చి అర్జీ పెట్టుకోమను. వెంటనే సంతకం పెట్టేస్తాను."

నీతి: ఆకాశంలో ఎంత దూరమైనా వెళ్లవచ్చు, పదింబావుకల్లా ఆఫీసులో ఉంటే చాలు.