వీపు మీద ఆకాశం

ఆ రోజు పొద్దున అద్దాలాయన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి షాపులో అద్దం తీసుకోవాలి. పదిన్నరకి సెలూన్‌లో దించాలి. సాయంత్రం మోటారుసైకిల్ మీద కొత్త గీత లేకుండా ఇంటికి చేరాలి. మొదటి రెండూ నాలుగేళ్లుగా చేస్తున్న పనులే. మూడోదే, గడిచిన నాలుగు నెలల్లో నాలుగుసార్లు కుదరలేదు.

ఒకసారి సందులోంచి దూసుకొచ్చిన కారు. ఒకసారి వెనక్కి వస్తున్న కారు. ఒకసారి ఫోన్‌లో ఎవరినో బతిమాలుకుంటూ మలుపు తిరిగిన కారు. ఒకసారి వ్యాను, అది సిగ్నల్ దగ్గర ఇతన్ని గోడ అనుకుని ఆనుకుంది. మొదటి ముగ్గురూ దిగి ఒకే మాటన్నారు, "చూడలేదండీ." ఎర్ర హెల్మెట్ కొన్నాడు. పసుపు కోటు తొడిగాడు. నాలుగోవాడు మాత్రం నిజాయితీగా ఒప్పుకున్నాడు, "ఏదో పసుప్పచ్చగా కనబడిందండీ, మనిషనుకోలేదు."

కారు నడిపేవాడికి లారీ కనిపిస్తుంది, గుంట కనిపిస్తుంది, రోడ్డు దాటే కుక్కపిల్ల కూడా కనిపిస్తుంది. రెండు చక్రాల మీద కూర్చున్న మనిషి మాత్రం గాలిలో కలిసిపోతాడు. స్టీరింగు పట్టుకున్నవాళ్ల కళ్లకి వచ్చే జబ్బు కాబోలు. నొప్పి అవతలివాళ్లకి కనక మందు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

"ఇవాళ ఒక్క గీత పడిందో, బండి మా తమ్ముడికి ఇచ్చేస్తా. కొనేవాళ్లు రెడీగా ఉన్నారట," అంది భార్య, టీ గ్లాసు అతని ముందు ఠక్కున పెట్టి. "మీరు బస్సులో వెళ్లండి. బస్సయితే అందరికీ కనిపిస్తుంది."

"బస్సులో అద్దాలు ఎక్కనివ్వరే."

"అయితే షాపులో కూర్చుని అంచులు అరగదీయండి. ప్రాణాలతో ఉంటారు."

అంచులు అరగదీసే గది షాపు వెనకాల ఉంటుంది. కిటికీ ఉండదు. రాయి మీద నీళ్లు కారుతూ ఉంటాయి, గాజు రోజంతా పళ్లు జివ్వుమనేలా అరుస్తూ ఉంటుంది. అక్కడ పదేళ్లు కూర్చున్నాకే అతను బండి మీదికొచ్చాడు. గాలి అనేది ముఖానికి తగులుతుందని అతనికి ఆ బండి మీదే తెలిసింది. అందుకని టీ తాగి, బండిని చంటిబిడ్డని దింపినట్టు మెట్ల మీంచి దింపాడు.

షాపుకి వెళ్లేసరికి పెద్ద అద్దాలు మోసే ఆటో రిపేరులో ఉంది.

"నాలుగడుగులదే కదయ్యా, వీపుకి కట్టుకుని పో," అన్నాడు ఓనరు, తన వీపు కానట్టే.

అద్దానికి ముఖం కంటే వీపు సున్నితం. వెనక పూత కాస్త గీరుకుపోయినా ముందు నల్ల చార కనబడుతుంది. అందుకని అద్దం వీపుని తన వీపుకి ఆనించి, మధ్యలో దుప్పటి మడత పెట్టి, మెరిసే ముఖం రోడ్డు వైపు ఉండేలా రెండు బెల్టులతో బిగించి కట్టుకున్నాడు. వెనకనుంచి చూస్తే మనిషి లేడు. హెల్మెట్ కొస కూడా లేదు. కింద ఒక చక్రం, పైన ఒక ఆకాశం ముక్క.

మొదటి మలుపు దాటాక అతనికి ఏదో తేడాగా అనిపించింది. హారన్లు లేవు. హ్యాండిల్ అద్దంలోకి చూశాడు. రోజూ తన నంబరు ప్లేటు వాసన చూస్తూ వచ్చే కారు ముక్కులన్నీ ఇవాళ ముప్పై అడుగుల దూరంలో ఉన్నాయి. మధ్యలో రోడ్డు ఖాళీగా, కడిగి ఆరబెట్టినట్టు ఉంది. వెనక కారాయన కళ్లు పెద్దవి చేసి బ్రేకు మీద నిలబడ్డాడు. ఆ తర్వాత సంగతి అర్థమైందేమో, నెమ్మదిగా వస్తూ జుట్టు సర్దుకున్నాడు.

అప్పుడు అద్దాలాయనకి వెలిగింది. వాళ్లకి ఎదురుగా ఒక కారు వస్తోంది, అందులో అచ్చం తమలాంటి మనిషి కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఇతన్ని గుద్దడానికి వెనకాడని జనం, తమని తాము గుద్దుకోవడానికి మాత్రం ధైర్యం చేయలేకపోతున్నారు.

పదీ ఇరవైకి సెలూన్ సందు వచ్చింది. అతను తిరగలేదు.

తిరగకూడదని అనుకోలేదు కూడా. చేతులే తిప్పలేదు. బండి ఊరి చుట్టూ ఉన్న పెద్ద రోడ్డెక్కింది. రెండు వైపులా చెట్ల నీడలు, నీడల మధ్య ఎండ. వీపు మీద మబ్బులు వెనక్కి వెనక్కి పోతున్నాయని, చూడకుండానే అతనికి తెలుస్తోంది. ఒక కారావిడ చెంపల మీద వెంట్రుకలు సవరించుకుంటూ చాలాసేపు అతని వెనకే మెత్తగా వచ్చింది. ఒక లారీ డ్రైవరు మీసం దువ్వుకుని, తనకి తానే దారి ఇచ్చుకున్నాడు. ఒకతను ఏడుపు ముఖంతో చేరి, కాసేపటికి దాన్ని తుడుచుకుని పక్కరోడ్డులోకి వెళ్లిపోయాడు. ఎవరూ తొందరలో లేరు. ఊరంతా ఎవరో జోకొట్టినట్టు నెమ్మదించింది. నలభై ఆరేళ్ల వయసులో మొదటిసారి ఒక మనిషి రోడ్డు మీద భుజాలు వదులు చేసి కూర్చున్నాడు. జేబులో ఫోను మోగింది. బండి మీద ఉండగా ఫోను ఎత్తకపోవడం అతని నియమం. ఎత్తేవాళ్లు ఏం చేస్తారో అతనికి బాగా తెలుసు. ఫోను ఊరుకుంది. అతను రెండో చుట్టు మొదలెట్టాడు.

ఆ ఫోను సెలూన్ ఓనరుది. ఎవరూ ఎత్తకపోయేసరికి, పదకొండు దాటినా అద్దం రాలేదని అతను షాపు ఓనరుకి చేశాడు. షాపు ఓనరు అద్దాలాయనకి మూడుసార్లు చేసి, చివరికి ఇంటికి చేశాడు.

"అమ్మా, మీ ఆయన బయల్దేరి గంట దాటింది. సెలూన్‌కి చేరలేదట. అద్దమేమో చాలా మంచిది..."

"మనిషి సంగతి ఏంటండీ?"

"మనిషి సంగతి నాకేం తెలుసమ్మా? అద్దం మాత్రం ఐదు మిల్లీమీటర్ల మందం."

ఐదోసారి అన్నమాట, అనుకుంది ఆమె. పొద్దున తనన్న మాటలే చెవుల్లో గింగురుమన్నాయి. తమ్ముడికి ఫోను చేస్తే వాడు తన ఎర్రకారు వేసుకుని పది నిమిషాల్లో వచ్చాడు. కారు ఎక్కాక ఆమె చెయ్యి తలుపు పిడి మీదే ఉంది, మనిషి కనబడగానే దూకేటట్టు.

"ఏం కాదులే అక్కా. బావకి అలవాటేగా," అన్నాడు తమ్ముడు ధైర్యం చెబుతూ.

పెట్రోలు బంకు దగ్గర ఆపి అడిగారు, అద్దం కట్టుకుని వెళ్లే మనిషిని చూశారా అని.

"అద్దాన్ని చూశాం. రెండుసార్లు వెళ్లింది. భలే ఉంది," అన్నాడు బంకు అతను. "మనిషి ఉన్నట్టు లేడండీ."

"మనిషి లేకుండా అద్దం ఎలా వెళ్తుంది?"

"అదే మేమూ అనుకున్నాం."

"తమ్ముడూ, మీ బావ ఎక్కడో పడిపోయి ఉంటారు. అద్దం ఒక్కటే పోతోంది," అంది. కంగారులో ఉన్న మనిషికి ఏదైనా సాధ్యంగానే కనబడుతుంది. తమ్ముడు కారు వేగం పెంచాడు.

ఆ వేళకి మూడో చుట్టులో ఉన్న అద్దాలాయన వెనక ఒక తెల్లకారు చేరింది. అందులో పెద్దమనిషి చెవికి ఫోను ఆనించుకుని ఎవరినో తిడుతున్నాడు. తల ఎత్తి చూస్తే, తన రోడ్డులో తనకి ఎదురుగా ఒక తెల్లకారు! హారన్ కొట్టాడు. అవతలివాడూ ముందుకి వంగి హారన్ కొడుతున్నాడు. చెయ్యి ఊపాడు. అవతలివాడూ ఊపాడు. పక్కకి తిప్పాడు. వాడూ అటే తిప్పాడు. ఐదు వీధులు ఇలాగే గడిచాయి. కూడలిలో ఎర్రదీపం పడి బళ్లన్నీ ఆగగానే పెద్దమనిషి దిగి, ట్రాఫిక్ పోలీసు మీదికి వెళ్లాడు.

"ఏమయ్యా, డ్యూటీ చేస్తున్నావా, నిద్రపోతున్నావా? రాంగ్ రూట్‌లో కారొస్తుంటే పట్టించుకోవేంటి?"

"ఏ కారు సార్?"

"తెల్లది. నా కారు లాంటిదే. నేనెటు తిప్పితే వాడూ అటే తిప్పుతాడు, కావాలని!"

పోలీసు పుస్తకం తీశాడు. "మనిషెలా ఉంటాడు?"

"లావుగా, బట్టతల. ముఖం చూస్తేనే తెలుస్తుంది, మంచీ మర్యాదా లేనివాడని. పైగా ఫోను మాట్లాడుతూ నడుపుతున్నాడు."

"బెల్టు పెట్టుకున్నాడా?"

"ఎక్కడ పెట్టుకున్నాడు? అదీ రాసుకో. వదలొద్దు అలాంటివాళ్లని. నంబరు కూడా చూశాను, ఎనభై ఎనభై ఒకటి."

పోలీసు అంతా రాసుకున్నాడు. రాసుకుని పెద్దమనిషి తల వైపు చూశాడు. తర్వాత ఎదురుగా ఆగి ఉన్న అద్దం వైపు చూశాడు. అందులో తెల్లకారు నంబరు ఎనభై ఎనభై ఒకటి. వెనక్కి తిరిగి అసలు కారు చూస్తే పద్దెనిమిది సున్నా ఎనిమిది.

"దొరికాడు సార్," అన్నాడు.

"ఎక్కడ?"

"ఇక్కడే. మీరు రెండు సంతకాలు పెట్టాలి. ఫిర్యాదు చేసినందుకు ఒకటి, దొరికినందుకు ఒకటి."

పెద్దమనిషి అద్దంలోకి చూశాడు. లావుపాటి బట్టతల మనిషి ఒకడు నోరు తెరుచుకుని తనవైపు చూస్తున్నాడు. మొదట నోరు మూసుకున్నది ఎవరో చెప్పడం కష్టం. "ఈ అద్దం ఇక్కడికెందుకొచ్చింది?" అని దాని పక్కనుంచి తొంగి చూసి ఉలిక్కిపడ్డాడు. "అరే, ఇక్కడ మనిషి కూడా ఉన్నాడే!"

"ఐదు వీధులనుంచీ ఉన్నానండీ," అన్నాడు అద్దాలాయన.

పోలీసు అతన్నీ వదల్లేదు. "నువ్వూ తక్కువోడివేం కాదు. ఊళ్లో సగం బళ్లు నీ వెనకే నడుస్తున్నాయి, ఇదేమన్నా ఊరేగింపా? దాని మీద ఏదైనా కప్పి తిన్నగా తీసుకెళ్లి దించెయ్. ఇంకోసారి వీపుకి అద్దం కనబడిందంటే బండి లోపలేస్తా."

అద్దాలాయన వీపు దగ్గరి దుప్పటి మడత పైకి లాగి అద్దం ముఖం మీద కప్పుకున్నాడు. ఆకాశం ఆరిపోయింది. దీపం పచ్చగా మారిందో లేదో, ఒక కారు అతని మోచేతిని రాసుకుంటూ వెళ్లింది. ఇంకొకటి ముందుకొచ్చి అడ్డంగా మలుపు తిరిగింది. లోకం మళ్లీ మామూలుగా అయిపోయింది. అతను మళ్లీ భుజాలు బిగించుకుని, నాలుగు వైపులా నాలుగు కళ్లతో చూసుకుంటూ, గీత పడకుండా సెలూన్ చేరాడు.

"పదిన్నరన్నావు. పన్నెండున్నరైంది," అన్నాడు సెలూన్ ఓనరు.

"దారిలో కొంచెం జనం ఉన్నారు," అన్నాడు అద్దాలాయన.

ఇద్దరూ కలిసి అద్దాన్ని గోడకి ఎత్తారు. వీధి మొత్తం అందులోకి వచ్చి కూర్చుంది. అతను బయటికొచ్చి బండెక్కాడు. వీపు ఖాళీగా, చలిగా అనిపించింది. బండిని వెనకా ముందూ చూసుకున్నాడు. కొత్త గీత ఒక్కటి లేదు. ఇంకా సగం రోజు ఉంది. జాగ్రత్తగా, మనిషి నడిచే వేగంతో రోడ్డు మీదికి కదిలాడు.

అప్పుడే ఒక ఎర్రకారు సెలూన్ ముందు కీచుమని ఆగింది. ఆగీ ఆగకముందే అతని వైపు తలుపు రెక్కలా విచ్చుకుని బండి ట్యాంకుని ధడాలున కొట్టింది. అతను పడిపోకుండా ఒంటికాలి మీద బండిని పట్టుకుని నిలబడ్డాడు. కారులోంచి దూకిన ఆడమనిషి అతన్ని తప్పించుకుని పోతూ, తల కూడా తిప్పకుండా, "కాస్త ముందు చూసుకుని రావాలి బాబూ!" అని సెలూన్‌లోకి పరిగెత్తింది.

"అన్నా, అద్దం తెచ్చే మనిషి వచ్చాడా? అసలు ఉన్నాడా?"

సెలూన్ ఓనరు కత్తెరతో గోడ మీద కొత్త అద్దాన్ని చూపించాడు. అందులో వీధి ఉంది. ఎర్రకారు ఉంది. తెరిచిన తలుపు ఉంది. తలుపు పక్కన ఎర్ర హెల్మెట్ పెట్టుకుని, పసుపు కోటు వేసుకుని, ఎండంతా మీద వేసుకుని, తన మొగుడు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. ఆమె ఆ అద్దంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లలో అతన్ని అంతసేపు చూడలేదేమో.

బయటికొచ్చేసరికి తమ్ముడు బండి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ట్యాంకు మీద జానెడు గీత.

"పడిందక్కా," అన్నాడు. ముఖంలో సంతోషం దాచుకోవడం వాడికి చిన్నప్పటినుంచీ రాదు. "నువ్వన్న మాటేగా. కొనేవాళ్లకి ఫోన్ చెయ్యనా?"

అంచులు అరగదీసే గది, కారే నీళ్లు, గాజు అరుపు అద్దాలాయన కళ్లముందు ఒక్కొక్కటిగా వచ్చి నిలబడ్డాయి. ఆమె వంగి గీతని బొటనవేలితో రుద్దింది. వేలికి ఎర్రరంగు అంటింది. వేలు చూసుకుంది. కారు తలుపు చూసింది. వేలిని మెల్లిగా వెనక్కి దాచుకుంది.

"ఇది పాతది," అంది.

"అక్కా! ఇప్పుడే కదా నువ్వు తలుపు..."

"పాతదన్నానా?"

తమ్ముడు నోరు వెళ్లబెట్టి బావ వైపు తిరిగాడు. "బావా, నువ్వైనా నిజం చెప్పు. ఇది ఎప్పటిది?"

అద్దాలాయన హెల్మెట్ తీసి, గీత మీదికి వంగి, కళ్లు చికిలించి, అద్దంలో పగులు వెతికేవాడిలా చాలా శ్రద్ధగా చూశాడు.

"మా పెళ్లినాటిది రా," అన్నాడు.

వాళ్ల పెళ్లయి పంతొమ్మిదేళ్లు, బండి కొని నాలుగు.