లేడి అడుగు

ఒక పెద్ద అడవిలో వార్తలు కాళ్ళ మీదే ప్రయాణం చేసేవి. మధ్యలో వాగు, వాగు మీద ఒక దుంగ. లేడి నడిచినంత వేగంగా దాటితే ఫరవాలేదు. అంతకు మించితే దుంగ దొర్లేది, వార్తా వార్త తెచ్చినవాడూ కలిసి నీళ్ళలో పడేవారు.

అందుకని సింహం దొరవారు అక్కడ ఎలుగుబంటిని కాపలా పెట్టారు. ఎలుగు తనకు చెప్పింది చేస్తుంది, చెప్పనిది చచ్చినా చేయదు. దానికి చదువు రాదు గనక నియమాన్ని చిలక వల్లించాలి. నియమం కట్టిన కోతి సూటిగానే కట్టింది: "దుంగ మీద వేగం లేడి నడకను మించరాదు."

దాని పరిశీలనకు జంతువుల సంఘం కూర్చుంది.

"ప్రాస ఏదీ?" అంది నెమలి.

"బిగువు లేదు," అంది నక్క. దానికి దుంగ సంగతి తెలియకపోయినా బిగువు సంగతి బాగా తెలుసు.

కోతికి ఒళ్ళు మండి తిరగరాసింది. చిలక వల్లించింది: "కింద మడుగు, దుంగ పొడుగు, వేగమెంతో లేడి అడుగు."

"ఇదీ వరస," అంది నెమలి.

దుంగ మీద ఒకసారి నడిచి చూద్దామని ఎవరికీ తోచలేదు. చివరగా కుందేలు అభిప్రాయం అడిగారు. అది అసలు విననే లేదు. అవతలి ఒడ్డున బొరియలో పిల్లలు ఎదురుచూస్తున్నారు, మనసంతా అక్కడే ఉంది. "బాగుంది," అనేసి లేచింది.

వానాకాలం వచ్చింది. వాగు పొంగుతోందని కుందేలుకు కబురు అందింది. తన బొరియ ఉన్నది పల్లంలో. ఒక్క పరుగున దుంగ దగ్గరికి వచ్చింది.

"ఆగు," అంది ఎలుగు. "ఎంత వేగంతో పోవాలో లేడిని అడగాలి."

"అడగడమేంటి మామా? లేడి అడుగు వేసినంత వేగం అని దానర్థం."

"పాట కోసం 'ని' మింగేశారు. ఆమాత్రం నాకు తెలీదనుకున్నావా? అయినా బాగుందన్నది నువ్వే కదా."

కుందేలు లేడి కోసం చుట్టూ చూసింది.

అదృష్టం కొద్దీ లేడి వెనకే వరసలో నిలబడి ఉంది. "నా సంగతి ముందు తేల్చు," అంది లేడి. "నేనెవర్ని అడగాలి?"

"లేడిని."

లేడి తనను తాను అడిగి ఆలోచనలో పడింది.

నీళ్ళు దుంగను తాకాయి. "నా పిల్లలు మునిగిపోతారు మామా," అని కుందేలు ఏడ్చేసింది.

"నాకూ జాలిగానే ఉంది. లేడి ఇంకా చెప్పలేదు," అంది ఎలుగు.

కుందేలు దాని కాళ్ళ సందులోంచి దూరి దుంగ మీదకు దూకింది. అంతలో వాగు దుంగను ఎత్తుకుపోయింది. "అడిగి వెళ్ళు," అంటూ ఎలుగు ఒడ్డు వెంట పరిగెత్తింది. దుంగ కొట్టుకుపోయి బొరియ దగ్గరే ఒడ్డుకు గుద్దుకుంది. కుందేలు పిల్లల్ని నోట కరుచుకుని ఒక్కొక్కరినే మెట్ట ఎక్కించింది.

వాన వెలిశాక సంఘం మళ్ళీ కూర్చుని తప్పెవరిదో తేల్చింది. దుంగది. లేడిని అడక్కుండా, హద్దు మీరి పరిగెత్తింది. దాన్ని చెదపురుగులకు అప్పగించి కొత్త దుంగ వేయించారు. నియమంలో అక్షరం మార్చలేదు, ప్రాస చెడుతుందట.

"నువ్వేమంటావు?" అని దొరవారు కుందేలును అడిగారు.

కుందేలు చెప్పాలనే నోరు తెరిచింది. ఒళ్ళో చంటిది ఆకలేసి చెవి పట్టుకు లాగింది.

"బాగుంది," అంది కుందేలు.

నీతి: నియమం తప్పైతే దుంగను మార్చవలెను.