సకినాల ఊరేగింపు

శ్రావణమాసపు ఆ ఆదివారం పొద్దున భానుప్రసాద్ వేసుకున్న పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. కారుకు నిన్న సగం బిగించిన కొత్త కాయిలోవర్లను పూర్తిగా బిగించాలి, చాయ్ తాగాలి, భార్య వనజనూ తల్లి శంకరవ్వనూ ఎక్కించుకుని నస్పూర్ నుంచి మంథని బయలుదేరాలి. మధ్యాహ్నం ముహూర్తానికి వనజకు పుట్టింట్లో ఒడిబియ్యం, అంటే కొంగులో దీవెన బియ్యం, పోస్తారు.

పోయినసారి ఒడిబియ్యానికి బైకు మీద పోతుంటే, భానుప్రసాద్ ముచ్చటపడి పెట్టించిన సైలెన్సర్ మోత విని పోలీసులు ఆపారు. ముహూర్తం దాటిపోయింది. వనజ తల్లి చంద్రవ్వ ఆ సంగతిని ప్రతి పెళ్ళిలోనూ అన్నం వడ్డించినంత శ్రద్ధగా అందరికీ వడ్డిస్తూనే ఉంది.

"ఈసారి గిట్ల యాళ్ళ తప్పితే మా అవ్వకు మొకం సూపెట్టలేనయ్యా," అంది వనజ, కొత్త పట్టుచీరలో గడప మీద నిలబడి.

"ఫికర్ చెయ్యకు. పది నిమిషాల పని," అన్నాడు భానుప్రసాద్ కారు కింది నుంచి.

కాయిలోవర్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక షాకబ్సర్, దాని చుట్టూ స్ప్రింగు, స్ప్రింగు కింద మరలున్న రింగు. రింగును కిందికి తిప్పితే కారు దిగుతుంది, పైకి తిప్పితే లేస్తుంది. ఎక్కడ ఆగాలో మాత్రం ఆ రింగు చెప్పదు. చెప్పడానికి పక్కింటి రాజం ఉన్నాడు. రిటైరయ్యాక ఆయనకు ఇతరుల పనులు తప్ప వేరే పని లేదు.

"ఇంక జర దించు భానూ. పులి కూసున్నట్టు ఉండాలె," అన్నాడు రాజం.

భానుప్రసాద్ దించాడు. రాజం తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ దించాడు. చివరికి ఆ ఎత్తు కదలకుండా పట్టే లాక్ రింగుకు పానా తగిలించి, పానాకు ఇనుప పైపు తొడిగి, కాళ్ళు గోడకు తన్నిపెట్టి బిగించాడు. అతను బొగ్గుగనిలో ఫిట్టర్. గనిలో వదులైన నట్టు ప్రాణాలు తీస్తుంది కాబట్టి అతని చెయ్యి బిగించడమే నేర్చింది గాని ఆపడం నేర్వలేదు.

కారు నిజంగానే పులిలా కూర్చుంది. బానెట్‌కు బంతిపూల దండ వేశారు. శంకరవ్వ ఎక్కగానే పులి కాస్తా పడుకుంది.

శంకరవ్వ ఒళ్ళో పసుపుగుడ్డ కప్పిన గంప ఉంది. అందులో వియ్యపురాలి కోసం రెండు రోజులు కూర్చుని, బియ్యప్పిండితో చుట్టి నూనెలో కాల్చిన సకినాలు ఉన్నాయి. ఒక్క సకినం విరిగినా చంద్రవ్వ ఊరుకోదు. వీధి చివర గుంతలో కారు దిగింది. అప్పటికే అణిగిపోయిన స్ప్రింగు ఇంక అణగలేదు. గంపలో ఫెళఫెళమంది.

"కొడుకా, గిది కారా, రోకలా?" అంది శంకరవ్వ.

మొదటి స్పీడ్ బ్రేకర్ మీద కారు పొట్ట గర్రున గీసుకుంది. కాస్త పైకి లేపుదామని భానుప్రసాద్ జాకీ తీశాడు. కారు అంత కిందికి ఉన్నాక జాకీ దాని కింద దూరలేదు. పడుకుని, పానాతో రింగును అందిన చోట తిప్పబోయాడు. గని చెయ్యి బిగించిన రింగు, గని చేతికే లొంగలేదు.

ఇక ఒకటే దారి. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆడవాళ్ళిద్దరూ దిగి నడవాలి, ఖాళీ కారు ఏటవాలుగా వెనక పాకాలి. శంకరవ్వకు కారు మీద నమ్మకం పోయింది. దిగిన ప్రతిసారీ గంపను నెత్తిన పెట్టుకునే దిగేది.

గోదావరిఖని దాటాక ఊళ్ళు మొదలయ్యాయి. ఊరికి ముందొక బ్రేకర్, నడుమ ఒకటి, దాటాక ఒకటి. బోనాల రోజులు. నెత్తిన పసుపుగుడ్డ గంపతో ఒక పెద్ద ముత్తైదువ, వెనక పసుపు కాళ్ళతో పట్టుచీర కోడలు, ఆ వెనక పూలదండతో నత్తలా నడిచే కారు. చూసినవాళ్ళు ఏమనుకోవాలో అదే అనుకున్నారు: అమ్మవారికి బోనం పోతోందని. ఒక ముసలమ్మ ఉరికివచ్చి బిందెడు నీళ్ళు దారికడ్డంగా పోసి, శంకరవ్వ కాళ్ళు మొక్కింది. మొక్కిన మనిషితో ఇవి సకినాలని చెప్పడానికి శంకరవ్వకు నోరు రాలేదు. ఒక ముక్క తీసి చేతిలో పెట్టింది.

దాంతో వరస మొదలైంది. బస్సు కోసం నిలబడ్డ డప్పు ముత్యం, బస్సు సంగతి మరిచి డప్పు అందుకున్నాడు. ఎవరో కారు ముందు కొబ్బరికాయ కొట్టారు. సగం చిప్ప బంపర్ కింద ఇరుక్కుంది. దాన్ని తీయడానికి భానుప్రసాద్ రోడ్డు మీద బోర్లా పడుకున్నాడు. అది చూసి ఇద్దరు పెద్దమనుషులు పక్కనే పడుకుని పొర్లుదండాలు మొదలుపెట్టారు.

"లేవుండ్రి తాతా, నేను మొక్కుతలేను!" అని భానుప్రసాద్ అరిచాడు. డప్పులో ఎవరికీ వినబడలేదు.

వనజ సూర్యుడి వైపు చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మా అవ్వ వాకిట్ల నిలబడి సూస్తుంటదయ్యా," అంది మెల్లగా. తిట్టి ఉంటే భానుప్రసాద్ తట్టుకునేవాడు. ఆ మెత్తని మాటకు అతనికి నిజంగా దుఃఖం వచ్చింది.

ముత్యం అది చూశాడు. "ఏందన్నా, పరేషాన్ల ఉన్నవ్?"

"ముహూర్తంలోపు మంథని పోవాలె. బండి పోతలేదు."

"అమ్మ బండి పోకపోవుడేంది!" అని ముత్యం కేకేశాడు.

ఆ తర్వాత భానుప్రసాద్ చేయవలసిందేమీ మిగల్లేదు. ఆడవాళ్ళను లోపల కూర్చోబెట్టి, పదిమంది కుర్రాళ్ళు కారును ఎత్తి బ్రేకర్ దాటించారు. బైకుల వాళ్ళు ముందుండి దారి చేశారు. ఇసుక లారీలు పక్కకు జరిగాయి. ఆర్టీసీ డ్రైవర్ బస్సాపి దండం పెట్టుకున్నాడు. ముందు ఊళ్ళకు ఫోన్లు వెళ్ళాయి, ప్రతి బ్రేకర్ దగ్గరా ఎత్తడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు.

మంథనిలో చంద్రవ్వ తిట్లన్నీ వరసలో పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. వీధి మలుపులో డప్పు, బైకులు, జనం, వాళ్ళ భుజాల ఎత్తున కూతురు కూర్చున్న కారు కనిపించాయి. ముహూర్తానికి ఇంకా టైముంది. చంద్రవ్వకు ఒక్క తిట్టూ గుర్తుకు రాలేదు.

"వదినా! బిడ్డను గింత గనంగ తెచ్చిన అల్లుడు మా వాడకట్టుల ఒక్కడు లేడే!" అని శంకరవ్వను కావలించుకుని ఏడ్చింది. గంప అడుగున మిగిలిన సకినాల పొడిని ప్రసాదమని కళ్ళకద్దుకుని తిన్నది.

భానుప్రసాద్ మీసం దువ్వాడు. "అంత మన ప్లానే అత్తా. వచ్చేసారికి ఇంకో అంగుళం దించుత," అన్నాడు.

ఒడిబియ్యం పోయడం సలక్షణంగా జరిగింది. అత్తింటి గడప తొక్కేదాకా ఒక్క గింజ కింద పడొద్దని చంద్రవ్వ మరీ మరీ చెప్పింది. వనజ కారు వైపు ఒకసారి చూసి, ఒడి గట్టిగా పట్టుకుని, గోదావరిఖని బస్సెక్కింది. శంకరవ్వ అప్పటికే కిటికీ పక్కన కూర్చుని, కోడలి కోసం పక్క సీటును ఖాళీ గంప పెట్టి ఆపింది.