పొదుపు దీపాల కింద ప్రార్థన

ఆ పొద్దున యూనిసమ్మ వేసుకున్న లెక్క చిన్నదే. కలకత్తా న్యూ టౌన్‌లో కొడుకు వినయ్ కుమార్ ఫ్లాటు కొన్న కొత్త భవనం కింది హాల్లో పదింటికి పాస్టరు యెషయాగారు అరగంట ప్రార్థన చేస్తారు. పదకొండింటికి తనిఖీ బాబు వచ్చేలోగా అంతా సర్దుకుంటారు. భవనం కరెంటు పొదుపు చేసేలా, ఏసీ లేకుండా గాలి ఆడేలా కట్టారని అతను సంతకం పెడితేనే తాళాలు. పెట్టకపోతే, అద్దె ఇల్లు ఖాళీ చేసేశారు కనుక, కొడుకూ కోడలూ షాలిమార్‌లో కోడలి పుట్టింటికి, తను ఖరగ్‌పూర్‌లో చెల్లెలింటికి. మొగుణ్ణీ, ఇద్దరు అన్నల్నీ సాగనంపిన మనిషి. ఇంకో వీడ్కోలుకు ఆమెకు ఓపిక లేదు.

యెషయాగారు మొదలుపెడితే ముగింపు ఆయన చేతిలో ఉండదు. ఇరవై మంది కళ్లు మూసుకుని కదలకుండా కూర్చున్నారు. పదకొండు కావస్తుంటే ఎందుకో అనుమానమొచ్చి యూనిసమ్మ ఒక కన్ను తెరిచింది. గాలి కంతలే తప్ప కిటికీల్లేని హాలంతా చీకటి.

"ఏటే హెప్సీ, కరెంటు తీసేసినారు. మనం ఏటి సేసినాం?"

"ఏం చేయలేదు అత్తా. మనిషి కదలకపోతే లైట్లు వాటంతటవే ఆరిపోతాయి. పొదుపుకి అలా పెట్టారు," అంది కోడలు గుసగుసగా.

తనిఖీ బాబు ఈ చీకటి చూస్తే లైట్లు పాడయ్యాయనుకోడూ? యూనిసమ్మ గబగబా పైట చెంగు ఊపింది. దీపాలు వెలిగాయి. ఆపితే మళ్లీ ఆరతాయేమోనని ఊపుతూనే ఉంది.

వెలుతురుకు కళ్లు తెరిచిన తవిటమ్మ, గార్డెన్ రీచ్‌లో యూనిసమ్మకు పాత పొరుగు, "ఉక్క పోత్తందేటి వదినా?" అని పాటల పుస్తకంతో విసరసాగింది. అది చూసి వెనక వరసకూ ఉక్కగా తోచింది. కాసేపటికి ఇరవై మందీ విసురుకుంటున్నారు.

తనిఖీ బాబు సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. "ఎతో గొరొమ్?" ఇంత ఉక్కా అని తలాడించి, 'గాలి చాలదు' అని రాసుకున్నాడు.

వినయ్ పరుగున వెళ్లి అతనికి కుర్చీ వేశాడు. యూనిసమ్మే తనకొచ్చిన బెంగాలీలో, "ఉక్క కాదు దాదా, లైటు కోసం. నమ్మకపోతే నువ్వూ కూకో," అంది. తర్వాత ఇటు తిరిగి, "ఎవులూ కదలకండి. అయ్యగారూ, కానివ్వండి."

"ఎక్కడ ఆపానమ్మా?"

"మొదట్నుంచీ సెప్పండి."

తనిఖీ బాబు కుర్చీలో కూర్చున్నాడు. యెషయాగారు ఆదాముతో అందుకున్నారు. దీపాలు ఆరాయి. ఈసారి ఎవరూ విసరలేదు. ఇశ్రాయేలీయులు సముద్రం దాటేసరికి చీకట్లో సన్నగా గురక వినిపించింది.

"ఆమేన్" అనగానే తనిఖీ బాబు ఉలిక్కిపడి లేచాడు. మెడ తడుముకున్నాడు. చెమట చుక్క లేదు. రాసింది కొట్టేసి, "ఏసీ లేకుండా ఇంత నిద్ర పట్టిందంటే గాలికి లోటు లేనట్టే," అంటూ సంతకం పెట్టాడు.

యూనిసమ్మ తాళాలు పైట చెంగుకు ముడేసుకుంది.

ఆ నిద్ర గాలి వల్లో తన ప్రార్థన వల్లో యెషయాగారు మాత్రం ఎవరినీ అడగలేదు.