భోజనం తర్వాత బురుల్

బురుల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రాజధాని బిష్కెక్‌లో జరిగే ఫార్మసిస్టుల పరిచయ సభకు వెళ్ళాలి, మందుల షాపుల యజమాని సాగిన్‌బాయ్ చేతిలో తన కార్డు పెట్టాలి, మర్నాడు పొద్దున్నే కారెక్కి సొంతూరు నారిన్ వచ్చేయాలి. పదకొండేళ్ళుగా తాను పనిచేస్తున్న మందుల షాపు నెలాఖరుకు మూతపడుతోంది. నారిన్‌లో కొత్త షాపు తెరవబోతున్నది సాగిన్‌బాయ్ ఒక్కడే. ఆ ఉద్యోగం దొరక్కపోతే ఊరొదిలి పోవాల్సిందే.

మొదటి దెబ్బ కార్డులు అచ్చేసినవాడు కొట్టాడు. యాభై కార్డుల మీదా ఆమె పేరుంది, షాపు పేరుంది, ఫోన్ నంబరు మాత్రం లేదు.

"ఏం కొంప మునగలేదులే. ఇచ్చేటప్పుడు పెన్నుతో రాసియ్యి," అంది తోడొచ్చిన స్నేహితురాలు జిపార్, సమోసాలాంటి సమ్సా కొరుకుతూ. "కాస్త నవ్వుతూ ఇయ్యి. కౌంటరు వెనక నిలబడ్డట్టు మొహం పెట్టకు."

హాలు నిండా జనం. అయినా బురుల్ ధైర్యం చేసి ముగ్గురికి నంబరు రాసిచ్చింది. ఇంతలో సాగిన్‌బాయే టీ గిన్నె పట్టుకుని ఎదురొచ్చాడు.

"నారిన్ నుంచా చెల్లెమ్మా? మా తమ్ముడూ అక్కడే. పొట్టలో ఒకటే మంటంటాడు పాపం."

మంట ఎప్పుడొస్తుంది, ఏం తింటాడు అని అడుగుతూనే బురుల్ కార్డు మీద గబగబా రాసిచ్చేసింది. ఆయన చూడకుండానే జేబులో వేసుకున్నాడు. ఆ ఊపులో మరో ఇరవై మందికి రాసిచ్చింది. తర్వాతి కార్డు రాస్తూ ఎందుకో తన చేతికేసి చూసుకుంది.

"ఒకటి చొప్పున రోజుకు మూడుసార్లు, భోజనం తర్వాత."

మందుల పెట్టెల మీద రాసి రాసి ఆ చేతికి మరో మాట రాకుండా పోయింది. సాగిన్‌బాయ్‌కిచ్చిన కార్డు మీదా ఇదే రాసుంటుంది!

"అయ్యా, నా కార్డు ఒకసారి ఇటిస్తారా?" అని పక్కనున్న పెద్దాయన్ని అడిగింది.

"ఇచ్చి లాక్కుంటావేంటమ్మా? నేను పనికిరాననా?" అని ఆయన రోషపడ్డాడు.

నారిన్ పిల్ల పనికిరానివాళ్ళ దగ్గర కార్డులు వెనక్కి తీసుకుంటోందన్న కబురు నిమిషంలో హాలంతా పాకింది. ఇంకేం, కార్డులు అందుకున్నవాళ్ళు జేబులు పట్టుకుని పక్కకు తప్పుకున్నారు. అందనివాళ్ళు చుట్టూ మూగారు.

"నాకెందుకివ్వలేదు? ఓష్‌లో మూడు షాపులు నావి!" అని ఒకావిడ నిలదీసింది.

ఆవిడను తప్పించుకుని బురుల్ వీధిలోకి పరుగెత్తేసరికి సాగిన్‌బాయ్ కారు మలుపు తిరిగిపోయింది.

"అయిపోయిందే జిపార్! నా బతుకు బస్టాండయింది."

"ఊరుకోవే. అన్ని కార్డుల్లో నీ కార్డెవడు చూస్తాడు?"

అది ఓదార్పో శాపమో బురుల్‌కు అర్థం కాలేదు.

నారిన్ చేరిన మర్నాటి పొద్దున, నెలల తరబడి మోగని షాపు ఫోను మోగింది. "నేను సాగిన్‌బాయ్‌ని..." అని వినపడగానే బురుల్ హడలిపోయి ఠక్కున పెట్టేసింది. మధ్యాహ్నం మళ్ళీ మోగితే ముక్కు పట్టుకుని, "బురుల్ లేదండీ," అంది. సాయంత్రం షాపు కట్టేవేళ మూడోసారి మోగింది. ఎంతకని తప్పించుకుంటుంది? ఎత్తింది.

"కార్డు మీద షాపు పేరు పట్టుకుని నంబరు కనుక్కున్నా. రోజుకు మూడుసార్లన్నావు, భోజనం తర్వాతన్నావు. ఇదిగో, పెందలాడే భోంచేసి మరీ చేస్తున్నా. ఇకనైనా మాట్లాడతావా తల్లీ?"

"తప్పయిపోయిందన్నా... కంగారులో చెయ్యి..."

"ఏం తప్పు? మా షాపుల్లో వాళ్ళను మందు ఎలా వాడాలో రాసివ్వమంటే చేతులు పడిపోతాయి. నీకేమో వద్దన్నా చెయ్యి ఆగదు. నారిన్ షాపు చూసుకుంటావా?"

బురుల్ భోరున ఏడ్చింది. ఏడుస్తూనే సరేనంది.

వారంలో నియామక పత్రం వచ్చింది. సంతకం కింద సాగిన్‌బాయ్ స్వహస్తాలతో ఒక్క ముక్క చేర్చాడు: "చల్లని పొడి చోట, పిల్లలకు అందకుండా ఉంచవలెను."